‘కాటన్ దొరగారి మనుషులం’: ఒక ఇంగ్లిష్ ఇంటిపేరు కేస్ స్టడీ

ఈ కేసు పూర్తయి రెండేళ్ళయింది. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల పేర్లు, కచ్చితమైన సంవత్సరాలు, వాళ్ళు ఇప్పుడుంటున్న ఊరు తీసేశాను. ఇంటిపేరును మాత్రం మార్చలేదు. కేసంతా ఆ పేరు మీదే నడిచింది కాబట్టి మారిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ పేరు కాటన్.

నేను ఇంగ్లాండ్‌లో ఉంటాను. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పూర్వీకుల వివరాలు వెతికిపెట్టడం నా వృత్తి. పుట్టి పెరిగింది గోదావరి జిల్లాలో. ఈ కేసు తేలడానికి లండన్ రికార్డులు ఎంత పనికొచ్చాయో, మా ఊరి తెలుగు కూడా అంతే పనికొచ్చింది.

నేపథ్యం

క్లయింట్ అరవై దాటిన పెద్దమనిషి. ఆయన చిన్నప్పుడే కుటుంబం రాజమండ్రి నుంచి ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయింది. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదు. తరతరాలుగా ఇంట్లో ఒక మాట ఉంది: మనం సర్ ఆర్థర్ కాటన్ వంశం. ఈ మాటను అక్కడ ఎవరూ ప్రశ్నించలేదు. ఇంటిపేరు కాటన్, ఊరు రాజమండ్రి, అనుమానం ఎందుకొస్తుంది?

ఆధారాలుగా ఆయన పంపినవి మూడు. ఒకటి కుటుంబ బైబిల్ మొదటి పేజీ ఫోటో. అందులో ఇండియాకు వచ్చిన మొదటి కాటన్ పేరు, పక్కన ఆయన భార్య బాప్తిస్మం పేరు ఉన్నాయి. రెండోది 1930లలో ఒక బంధువు రాసిన ఉత్తరం. ‘మన పూర్వీకులు ఇంగ్లాండ్ ఉత్తరాన మిల్లు పనివాళ్ళు’ అని అందులో ఒక వాక్యం ఉంది. మూడోది 1980లలో వాళ్ళ నానమ్మ మాటలు రికార్డు చేసిన క్యాసెట్. అది తెలుగులో ఉందని, దాని సారాంశం ఇంగ్లిష్‌లో టైపు చేసి ఉందని చెప్పి ఆ టైపు కాగితం పంపారు. నేను దాన్ని చదివి పక్కన పెట్టాను. ఆ తప్పు గురించి తర్వాత చెప్తాను.

సమస్య ఎలా వచ్చింది

కాటన్ పుట్టినరోజు మే 15. గోదావరి జిల్లాల్లో ఆ రోజు ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు వేస్తారని తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 వరకు. నూట డెబ్బై ఏళ్ళు దాటినా ఆయన్ని భగీరథుడితో పోల్చి తలుచుకునే జనం అక్కడ ఉన్నారు. క్లయింట్ మేనకోడలు ఆ ఏడాది ఇండియా వెళ్తోందని తెలిసి, ఒక గ్రామంలో జయంతి చేసేవాళ్ళు ‘కాటన్ వారసురాలు’గా ముఖ్య అతిథిగా రమ్మని పిలిచారు. ఆ అమ్మాయికి సంతోషంతో పాటు టెన్షన్ కూడా మొదలైంది. వేల మంది ముందు నిలబడి చెప్పే మాట నిజమో కాదో తనకు తెలియాలి. మేనమామను అడిగింది, ఆయన నన్ను అడిగారు. చేతిలో ఏడు నెలలున్నాయి.

ఆయన ప్రశ్న రెండు ముక్కల్లో వచ్చింది: కాటన్ అనే పేరు ఎక్కడిది, మేం ఆర్థర్ కాటన్‌కి ఏమవుతాం? ఆయన దృష్టిలో ఇవి ఒకటే ప్రశ్న. నేను కూడా మొదట్లో వాటిని తగినంతగా విడదీయలేదు. ఆలస్యమంతా అక్కడే జరిగింది.

పేరు అర్థం దగ్గర మొదలుపెట్టాను

కాటన్ అంటే పత్తి కదా అని మనవాళ్ళు ఎవరైనా అంటారు. క్లయింట్ కూడా అదే అన్నారు. పత్తి, మిల్లు, ఇంగ్లాండ్ ఉత్తర ప్రాంతం అనగానే అక్కడి లాంకషైర్ బట్టల మిల్లులు గుర్తొచ్చాయి, బంధువు రాసిన ఉత్తరంలోని వాక్యం కూడా దానితో సరిపోయింది.

కానీ ఈ ఇంటిపేరుకు పత్తితో సంబంధం లేదు. పత్తికి వాడే ఇంగ్లిష్ మాట అరబీలోని ‘ఖుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు అంతకంటే పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చింది. పాత ఇంగ్లిష్‌లో ‘కోట్’ అంటే గుడిసె, చిన్న ఇల్లు. దానికి బహువచనంలో విభక్తి చేరితే ‘కోటుమ్’, అంటే ‘గుడిసెల దగ్గర’. అలా పిలవబడిన పల్లెలు కాలక్రమంలో కాటన్, కోటన్, కోటమ్, కాటమ్ అని రకరకాలుగా స్థిరపడ్డాయి. ఆ పల్లెల నుంచి బయటికి వెళ్ళినవాళ్ళకు ఆ ఊరి పేరే ఇంటిపేరైంది.

తెలుగువాళ్ళకు ఇది ఎంత దగ్గరి సంగతో చూడండి. కందుకూరు వాళ్ళు కందుకూరి, వేమూరు వాళ్ళు వేమూరి, ప్రత్తిపాడు వాళ్ళు ప్రత్తిపాటి అయ్యారు. ఊరి పేరు ఉన్నది ఉన్నట్టు ఇంటిపేరు కాలేదు, ‘ఊరికి సంబంధించిన’ అనే అర్థమిచ్చే రూపంలోకి మారి ఇంటిపేరైంది. ‘కోటుమ్’ కూడా విభక్తి చేరిన రూపమే, కాకపోతే అక్కడ ఆ మార్పు ఊరి పేరులోనే జరిగిపోయింది. ప్రత్తిపాటి వాళ్ళ పేరులో పత్తి వినిపించినంత మాత్రాన వాళ్ళ పూర్వీకులు పత్తి వ్యాపారులని మనం అనుకోం, ఫలానా ఊరివాళ్ళనే అనుకుంటాం. ఇంకో సంగతి, ప్రత్తిపాడు గుంటూరు వైపు ఒకటుంది, గోదావరి వైపు ఇంకొకటుంది. కాబట్టి ప్రత్తిపాటి వాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానం కానక్కర్లేదు. కాటన్‌లదీ అదే పరిస్థితి.

కాలం లెక్క కూడా పత్తి వాదానికి అడ్డుపడుతుంది. ఇంగ్లాండ్ దక్షిణ, మధ్య ప్రాంతాల్లో 1400 నాటికి చాలామందికి ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పద్ధతి స్థిరపడింది. రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే మిల్లు యజమాని నీటి శక్తితో నడిచే నూలు మిల్లును క్రామ్‌ఫర్డ్‌లో పెట్టింది 1771లో. మిల్లులు రావడానికి మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే ఈ పేరు ఉంది.

ఇదంతా నాకు మొదటి రోజు నుంచే తెలుసు. అయినా మూడు వారాలు లాంకషైర్ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లలో గడిపాను. పేరు అర్థాన్ని పక్కన పెట్టినా, ఉత్తరంలోని ‘మిల్లు’ అనే మాటను విడి ఆధారంగా తీసుకున్నాను. ఆ మాట చదవగానే నా మనసులో మెదిలింది నూలు మిల్లే. అలా ఎందుకు మెదిలింది? ఇంటిపేరు కాటన్ కాబట్టి. తలుపు మూసి బయటికి పంపేశాననుకున్న ఊహ కిటికీలోంచి లోపలికి వచ్చింది. లాంకషైర్‌లో మనకు కావలసిన మనిషి దొరకలేదు.

పై నుంచి కిందికి: రెండో వైఫల్యం

తర్వాత ఆర్థర్ కాటన్ వంశవృక్షం ముందు పెట్టుకున్నాను. ఆయన హెన్రీ కాల్వెలీ కాటన్ కొడుకు. ఆ హెన్రీ చెషైర్‌లోని కాంబర్‌మియర్ ఆబీ అనే ఎస్టేటు కాటన్‌లలో ఒక శాఖ. భరత్‌పూర్ కోట ముట్టడి నడిపిన లార్డ్ కాంబర్‌మియర్ ఆర్థర్‌కి పెదనాన్న కొడుకు. ఆర్థర్‌కి చాలామంది అన్నదమ్ములు. సిడ్నీ అనే ఆయన సైన్యంలో జనరల్, ఫ్రెడరిక్ మద్రాసులోనే ఇంజనీరు, రిచర్డ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీకి అధిపతి. ఇలాంటి కుటుంబాల వంశవృక్షాలు అచ్చులోనే ఉంటాయి కాబట్టి పని సులువని అనుకున్నాను.

సులువే, కానీ పనికిరాలేదు. మన బైబిల్లోని పేరు ఆ వృక్షంలో ఎక్కడా లేదు. లేకపోతే మాత్రం ఏం తేలింది? అచ్చు పుస్తకాలు ఎక్కించని సంతానం ఉండొచ్చని క్లయింట్ అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పై నుంచి కిందికి వెతికితే ‘కనిపించలేదు’ అని మాత్రమే చెప్పగలం, ‘కాదు’ అని చెప్పలేం.

ఈ దారిలో ఒక మేలు జరిగింది. ఇండియాలో పేరున్న కాటన్ కుటుంబాలు రెండున్నాయని క్లయింట్‌కి చూపించగలిగాను. 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ 1845లో కుంభకోణంలో పుట్టారు. ఆయన ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు జోసెఫ్ కాటన్ సంతతి. ఆ వంశం వేరు, కాంబర్‌మియర్ వంశం వేరు. ఒకే ప్రెసిడెన్సీలో, ఒకే కాలంలో, ఒకే ఇంటిపేరుతో, దొరల స్థాయిలోనే రెండు వేర్వేరు కుటుంబాలున్నాయి. మూడోది ఉండకూడదని ఎక్కడుంది? ఆ రోజు క్లయింట్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘సరే, మా వైపు నుంచే వెతకండి’ అన్నారు.

పటం ఏం చెప్పింది

కింది నుంచి పైకి వెళ్ళే ముందు ఇంగ్లాండ్‌లో వెతికే ప్రాంతాన్ని కుదించవచ్చేమోనని ఏ ఇంటిపేరు ఎక్కడ ఎక్కువగా ఉందో చూపే 1881 జనాభా లెక్కల పటం చూశాను. కొన్ని పేర్లకు ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. సట్‌క్లిఫ్ అనే పేరు తీసుకుంటే, పటం మీద హాలిఫాక్స్ చుట్టుపక్కల కాల్డర్ లోయ ముద్ద కట్టినట్టు కనిపిస్తుంది. వెతకడం అక్కడ మొదలుపెట్టవచ్చు.

కాటన్ అలా లేదు. తూర్పున సఫోక్, ఎసెక్స్ వైపు కొందరు, మధ్యలో స్టాఫర్డ్‌షైర్, చెషైర్ వైపు కొందరు, అన్ని చోట్ల నుంచీ వచ్చి చేరినవాళ్ళతో లండన్. పేరు ఒకే చోట పుట్టలేదనడానికి అదే సాక్ష్యం. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ అనే ఊరుంది. చెషైర్‌లో చెస్టర్ పక్కన కాటన్ ఎడ్మండ్స్, కాటన్ ఆబట్స్ ఉన్నాయి. ష్రాప్‌షైర్, వార్విక్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్‌లలో కోటన్‌లున్నాయి. సఫోక్‌లోని కాటన్‌ది మరో కథ. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలోని (ఇంగ్లాండ్ రాజు చేయించిన భూముల సర్వే) రూపాలను బట్టి అది గుడిసెల ఊరు కాదు, కొడ్డా అనే మనిషి ఊరు అని స్థలనామ పండితుల అభిప్రాయం. అంటే ఒకే అక్షరాలున్న ఈ ఇంటిపేరుకు అర్థం కూడా అన్నిచోట్లా ఒకటే కాదు.

ఇవాళ ఈ పేరు ఇంగ్లాండ్‌లో కంటే అమెరికాలో ఎక్కువమందికి ఉంది, వాళ్ళలో ఆఫ్రికన్ అమెరికన్లు కూడా చాలామంది. ఆస్ట్రేలియా, కెనడాల్లోనూ కనిపిస్తుంది. పేరు చేరిన ప్రతిచోటికీ రక్తసంబంధం చేరిందనుకుంటే ఎంత తప్పులో పడతామో ఈ విస్తరణ చూస్తే తెలుస్తుంది.

ఈ దశలో క్లయింట్ డీఎన్ఏ పరీక్ష అడిగారు. ఆయన వాదనలో బలముంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ళలో, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము పరీక్షిస్తే సగానికి కొంచెం తక్కువ మందిలో ఒకే రకం కనిపించింది. వాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతతి అయ్యుండాలని ఆయన తేల్చారు. మనమూ చూడొచ్చు కదా అన్నారు. నేను వద్దన్నాను. పోల్చడానికి కాంబర్‌మియర్ వంశం నుంచి నేరుగా మగ వరుసలో వచ్చిన మనిషి నమూనా కావాలి, అది మా దగ్గర లేదు. అది లేకుండా పరీక్ష చేయిస్తే ఖర్చవుతుంది, జవాబు రాదు. ముందు కాగితం, ఆ తర్వాత అవసరమైతేనే రక్తం. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదనే నమ్ముతున్నాను.

దారి దొరికిన చోటు

రెండు పనులు దాదాపు ఒకే వారంలో జరిగాయి.

మొదటిది క్యాసెట్. టైపు కాగితంలో ‘మేం కాటన్ కుటుంబీకులం అని మా మామగారు చెప్పేవారు’ అని ఇంగ్లిష్‌లో ఉంది. అప్పటికి మూడు నెలలు గడిచిపోయాయి, చేతిలో ఏమీ లేదు. అసలు రికార్డింగ్ పంపమని అడిగాను. వింటుంటే మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. ఆవిడ అన్న మాట ఇది: ‘మనం కాటన్ దొరగారి మనుషులం అనేవోరు మా మావగారు. ఆరి తాతగారు గుర్రం మీద కాలవ గట్టెంట లాకులన్నీ తిరిగేవోరంట.’

దొరగారి మనుషులు! తెలుగులో రాజుగారి మనుషులన్నా, కరణంగారి మనుషులన్నా వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు, వాళ్ళను నమ్ముకుని ఉన్నవాళ్ళు అని అర్థం. వంశం చెప్పాలంటే ఆవిడ ‘దొరగారి సంతానం’ అనో, ‘మా తాతలు’ అనో అనేవారు. పైగా తన ఇంటిపేరే కాటన్ అయినప్పుడు, ‘దొరగారు’ అని వేరే మనిషిని గౌరవంగా చెప్పినట్టు చెప్పారు. తర్జుమా చేసిన ఎవరో ‘మనుషులు’ అన్న మాటను కుటుంబం అని అర్థం చేసుకున్నారు. నానమ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడ మాట ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు అర్థం మారిపోయింది.

కాబట్టి వెతకాల్సింది దొరల వంశవృక్షంలో కాదు, కాలవల మీద పనులు పర్యవేక్షించిన ఓవర్సీయర్లలో. ఆ కాలంలో అలాంటి పనుల్లో చేరిన యూరోపియన్లలో చాలామంది కంపెనీ సైన్యం నుంచి వచ్చిన మామూలు సైనికులు, సార్జెంట్లు.

రెండో పని చర్చి రికార్డులు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు ఏటేటా లండన్‌కి వెళ్ళేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అంతకుముందు ఇంటిపేరుతో సూచికలో వెతికితే ఏమీ రాలేదు. ఈసారి ఇంటిపేరు వదిలేసి, బైబిల్లో ఉన్న పెళ్ళికూతురి పేరుతో, గోదావరి, కృష్ణా జిల్లాల చోట్లు పట్టుకుని ఏడాది తర్వాత ఏడాది పేజీలు చదివాను. నాలుగో రోజు దొరికింది. రాసినాయన ఇంగ్లిష్‌లో Cotton అనే పేరులోని రెండు ‘t’ అక్షరాల్లో మొదటిదానికి అడ్డగీత పెట్టలేదు. సూచిక తయారుచేసినవాళ్ళు దాన్ని ‘l’గా చదివి కోల్టన్ అని ఎక్కించారు. కోల్టన్ అనేది ఇంగ్లాండ్‌లో నిజంగానే ఉన్న వేరే ఇంటిపేరు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. పెళ్ళికొడుకు వృత్తి గడిలో ఓవర్సీయర్ అని ఉంది.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. సైనిక రికార్డుల్లో అదే పేరుతో, సరిపోయే వయసుతో మద్రాసు ఆర్టిలరీలో (ఫిరంగి దళం) ఒకడున్నాడు. 1840లలో ఎసెక్స్‌లోని వార్లీ బ్యారక్స్ నుంచి ఓడెక్కి, మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్‌లో కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత గోదావరి పనులకు బదిలీ అయ్యాడు. కంపెనీ రిజిస్టర్లలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది: సైనికుడు పుట్టిన ఊరు, చేరకముందు చేసిన పని రాస్తారు. ఊరు స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్. పని పట్టు దారం పేనడం.

లీక్ ఆ రోజుల్లో పట్టు పరిశ్రమకు పేరున్న పట్టణం. ఉత్తరం రాసిన బంధువు ‘మిల్లు పనివాళ్ళు’ అన్నది నిజమే, లీక్ ఉన్నది ఇంగ్లాండ్ ఉత్తరాన కాదు, మధ్య ప్రాంతంలో. మిల్లు ఉంది, దాంట్లో తిరిగిన దారం మాత్రం పట్టుది.

ఆగాల్సిన చోట ఆగడం

లీక్ అని తెలియగానే క్లయింట్ పటం తీసి, కాంబర్‌మియర్ పక్క జిల్లాలోనే ఉంది కదా, ఏదో పాత శాఖ అయ్యుంటుంది అన్నారు. ఆ ఆశ నాకు అర్థమైంది. కానీ లీక్‌కి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోనే కాటన్ అనే పల్లె ఉంది. పేరుకు అంత దగ్గర్లో కారణం కనిపిస్తుంటే, రాజవైభవం ఉన్న దూరపు కారణాన్ని ఎంచుకోవడం న్యాయం కాదు. అలాగని ఆ పల్లె నుంచే వచ్చారని రిపోర్టులో తేల్చి రాయలేదు కూడా. రిజిస్టర్లలో 18వ శతాబ్దం చివరి దాకా వెళ్ళాక, పక్కపక్క పారిష్‌లలో రెండేళ్ళ తేడాతో బాప్తిస్మమైన ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరు ఎదురయ్యారు. ఎవరు మనవాళ్ళో చెప్పే కాగితం లేదు. పక్క పల్లె పేరు ‘బలమైన అవకాశం’ అని రాసి అక్కడితో ఆపాను.

ఈ కేసు నా పద్ధతిని రెండు చోట్ల మార్చింది. ఇంటిపేరు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నను, ఈ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను ఇప్పుడు వేర్వేరు ఫైళ్ళలో పెడతాను. రెండోదానికి జవాబు దొరికేదాకా మొదటిది తెరవను. ఇక ఇంటి పెద్దవాళ్ళ మాటలు వాళ్ళు ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే వింటాను. నాకు రాని భాషైతే వచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటాను. సారాంశం చదివి సరిపెట్టుకున్నందుకు మూడు నెలలు పోయాయి. ఆ క్యాసెట్‌లో ఉన్నది నా సొంత యాస కావడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చెప్పడం

వీడియో కాల్‌లో మేనమామ, మేనకోడలు ఇద్దరూ కూర్చున్నారు. రిపోర్టు చదివే ముందు నానమ్మ గొంతు వినిపించాను. తర్వాత ఆ వాక్యాన్ని మాట మాటగా విడదీసి చెప్పాను. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: ‘అయితే ఇన్నేళ్ళూ మేం అబద్ధం చెప్పామా?’ లేదు, మీ నానమ్మగారు నిజమే చెప్పారు, ఆవిడ మామగారు నిజమే చెప్పారు అన్నాను. మీ పెద్దాయన ఆ కాలవల మీద పనిచేసినట్టు కాగితం ఉంది. కాటన్ దగ్గర పనిచేసిన మనిషి కుటుంబం అని చెప్పుకోవడానికి మీకు పూర్తి హక్కుంది.

జయంతి చేసేవాళ్ళకు ఆ అమ్మాయే రాసింది. ‘వారసురాలు’ అన్న మాట తీసేసి, గోదావరి కాలవల ఓవర్సీయరు గారి కుటుంబం నుంచి అని వేయమని కోరింది. పిలుపు వెనక్కి తీసుకుంటారేమోనని మేమంతా భయపడ్డాం. మార్చిన ఆహ్వానపత్రం రెండు రోజుల్లో వచ్చింది. దండ వేశాక ఆ అమ్మాయిని లాకుల దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి లస్కరు తలుపులు ఎలా తెరుస్తారో చూపించాడని, గట్టు మీద చాలాసేపు నడిచిందని రాసింది.

కిందటి నెల క్లయింట్ మళ్ళీ రాశారు. ఈసారి పెళ్ళికూతురి గురించి వెతకమంటున్నారు. ఆమె పేరుతోనే ఈ కుటుంబం దొరికింది. ఆ పెళ్ళి నమోదులో వరుడి తండ్రి పేరు, ఇంటిపేరు, వృత్తి అన్నీ ఉన్నాయి. ఆమెకు బాప్తిస్మం పేరు ఒక్కటే రాశారు. తండ్రి పేరు గడి ఖాళీ. ఇంటిపేరు గడి కూడా ఖాళీ.